భూదవ్వ ఇంట్లో వాగు

మా గల్లీ మొదట్లో, ఎత్తు మీద, నాదొక కిరాణా దుకాణం. వాన ఎంత దంచినా నా గడప తడవదు. అందుకని మబ్బు పడితే చాలు, గల్లీలోని పంచాయితీలన్నీ నా దుకాణం ముందుకే వస్తాయి. వాళ్ల తగవులు విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. ఇంతా అరిచి కొనేది ఒక్క అగ్గిపెట్టె.

కామారెడ్డిలో రైసుమిల్లు వెనక రేకుల ఇండ్ల గల్లీ మాది. చెరువు అలుగు పారే పాత కాలువ ఇటే పోయేది. బోర్లు ఎండిపోయి రామారెడ్డి నుంచి, మాచారెడ్డి నుంచి వచ్చినవాళ్లు ఆ కాలువ వెంబడే ఒకరి పక్కన ఒకరు రేకులు వేసుకున్నారు. రెండువేల తొమ్మిదిలో వానలు మొహం చాటేసినప్పుడు భూదవ్వ కూడా కూతురు రాజమణిని వెంటబెట్టుకుని బీబీపేట నుంచి వచ్చింది. భర్త అప్పటికే లేడు. గల్లీ చివర, పల్లంలో, అందరూ వద్దన్న జాగా ఆమెకు మిగిలింది. అందులోనే కూర్చుని బీడీలు చుట్టుకుని బతికేది.

మరుసటి ఏడు రావలసిన వానలు, పోయినేడు రానివి కలిసి వచ్చినట్టు వచ్చాయి. భూదవ్వ పక్కిల్లు తాపీమేస్త్రీ కిష్టయ్యది. అతను ముందుగా తన గడప కింద ఇటుకలు పేర్చి ఎత్తు చేసుకున్నాడు. అతన్ని చూసి ఎదురింటివాళ్లు ఇంకో వరస ఎక్కువ పేర్చారు. వాళ్లను చూసి ఇంకొకరు. ఎవరికి వారే యమునా తీరే. ఎత్తు చేసుకోనిది భూదవ్వ ఒక్కతే. ఆమె రేకులు ఎంత కిందికి ఉన్నాయంటే, నేల ఇంకాస్త లేపితే ఇంట్లో ఆమె కూర్చునే తిరగాలి. దాంతో గల్లీ నీళ్లన్నీ ఆమె ఇంట్లో మోకాలి లోతున నిలిచేవి. తునికాకు నానిపోయేది. నానిన ఆకుతో చుట్టిన బీడీలను కార్ఖానాలో పక్కన పారేసేవాళ్లు.

నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో గల్లీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. పాత కాలువ కిష్టయ్య ఇంటికీ భూదవ్వ ఇంటికీ మధ్య నుంచి వెనక పొలాల్లోకి పోయేది. సరిగ్గా దాని మీద కిష్టయ్య బాత్‌రూం కట్టుకున్నాడు. ఊళ్లో పదిమందికి మోరీలు కట్టిన మనిషి, నీళ్ల వాటం తెలియనివాడా? అడిగితే మాత్రం, ఇంట్లో ఆడవాళ్లు బయట స్నానం చేయాలా అని ఎదురు ప్రశ్న. దానికి జవాబు చెప్పలేక అందరూ నా దుకాణానికి వచ్చి నన్ను తినేవాళ్లు.

భూదవ్వ రెండు వానలకు అరిచింది, తిట్టింది, దుమ్మెత్తి పోసింది. మూడో వాన తగ్గాక గడ్డపార తీసుకుని తన ఇంటి వెనక గోడకే బొక్క కొట్టింది. ఆమెకు మతి పోయిందనుకున్నాం. మతి పోలేదు. వాకిలి నుంచి వెనక గోడ దాకా ఇంటి నడుమ కాలువ తవ్వి, అడుగున సిమెంటు పూసింది. గిన్నెలు కొట్టుకుపోకుండా బొక్కకు ఇనుప జాలీ బిగించింది. పొయ్యి ఒక పక్క, పడక ఒక పక్క, ఇటుకల గద్దెల మీదికి ఎక్కించింది. ఎండాకాలం కాలువ మీద బండలు పరిచేది. వాన పడితే తీసేది. ఆ తర్వాత వాన వస్తే గల్లీ నీళ్లన్నీ ఆమె వాకిట్లోంచి లోపలికి వచ్చి, వెనక నుంచి పొలాల్లోకి వెళ్లిపోయేవి.

గల్లీ మొత్తం పొడి. ఆమె ఇంట్లో వాగు. దానికి మావాళ్లు చూపిన కృతజ్ఞత ఏమిటంటే, చెత్త కూడా అందులోకే ఊడ్వడం. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అవుతుందని ఊరికే అనలేదు. వాన తగ్గాక ఆమె జాలీ దగ్గర కూర్చుని ఊరందరి చెప్పులు, ఉల్లి పొట్టు ఏరేది. హైదరాబాదు నుంచి ఎవరో సంస్థవాళ్లు వచ్చి ఆ కాలువను ఫోటోలు తీసుకుని, ఎంత గొప్ప ఆలోచన అని చప్పట్లు కొట్టారు. ఈ రాత్రికి ఇక్కడే పండుతరా అని ఆమె అడిగింది. వాళ్లు నవ్వి వెళ్లిపోయారు. ఆమె నవ్వలేదు.

ఈలోగా రాజమణికి ఎల్లారెడ్డిలో పెళ్లయింది. రెండువేల పదమూడులో కడుపు పండింది. శ్రావణంలో నెలలు నిండుతాయి. తొలి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి. కానీ వియ్యపురాలు ఫోనులో తెగేసి చెప్పింది: ఇంట్లో వాగు పారే చోటికి కోడలిని పంపేది లేదు, బాలింత తడి నేల మీద పడుకుంటే జీవితమంతా నొప్పులే. ఆమె మాటలో తప్పేముంది? భూదవ్వ నా దుకాణం అరుగు మీద కూర్చుని, ఎన్నడూ లేనిది, మెల్లగా మాట్లాడింది.

"తొలి కాన్పన్న నా ఇంట్ల చెయ్యకపోతే నేనేం తల్లినన్నా?"

కళ్లు తుడుచుకుని లేచింది. కాలువలో మట్టి పోసి, గోడ బొక్కను ఇటుకలతో మూసేసింది. వాకిట్లో అందరికంటే ఎత్తుగా కట్ట వేసింది, రేకులు తగిలి తాను వంగి దాటాల్సి వచ్చినా సరే అనుకుని.

ఇక చూడాలి మావాళ్ల గోల. ఆమె ఇల్లు ఆమె మూసుకుంటే ఊరి ఆస్తి దోచినట్టు నా మీదికి వచ్చారు. కిష్టయ్య భార్య ప్రమీలమ్మ మాత్రం మంచి మాటే చెప్పింది, పురుడు మా ఇంట్లో పోసుకోమని. మీ ఇంట్లో పోస్తే అది నీ బిడ్డ పురుడవుతుందని భూదవ్వ ఒప్పుకోలేదు. ఇద్దరూ నా త్రాసు ముందే నిలబడి వాదించుకున్నారు. ఎవరికీ ఏమీ తూచలేకపోయాను.

ఆషాఢంలో పెద్ద వాన పడింది. ఈసారి నీళ్లు భూదవ్వ కట్టకు తగిలి వెనక్కి తిరిగి, ఎత్తు చేసుకున్న గడపలన్నీ దాటి అందరి ఇళ్లలోకీ దూరాయి. ప్రమీలమ్మ బియ్యం డబ్బా నానింది. తెల్లారి ఆమె బాత్‌రూంలోని బకెట్లు, చెంబులు బయట పెట్టి, గడ్డపార తెచ్చి మొగుడికి ఇచ్చింది.

"కొట్టు. బాలింతను నీళ్లల్ల పండబెట్టిన పాపం నాకొద్దు."

కిష్టయ్య సణుగుతూనే కొట్టాడు. ఆడవాళ్లు పారలు పట్టారు, మొగవాళ్లు సిగ్గుపడి వచ్చారు. సాయంత్రానికి పాత కాలువ పొలాల దాకా తెరుచుకుంది. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు నన్ను తిన్నారా అని నాకు ఒళ్లు మండింది. తర్వాత పడిన వానల్లో ఒక్కరి గడపా తడవలేదు. భూదవ్వది కూడా.

రాజమణి వచ్చింది. ఆడపిల్లను కన్నది. పొడి నేల మీద, భూదవ్వ ఇంట్లోనే ఊయలలో వేశారు. కిష్టయ్య గోనెపట్టా చాటున స్నానం చేస్తూ గల్లీని తిట్టుకునేవాడు. ఐదో నెలలో బిడ్డనెత్తుకుని రాజమణి ఎల్లారెడ్డి బస్సెక్కింది. కిష్టయ్య తప్ప గల్లీ అంతా బస్టాండు దాకా వెళ్లి సాగనంపింది.

తిరిగి వచ్చేసరికి కిష్టయ్య కాలువ గట్టున ఇటుకలు పేర్చి, సిమెంటు మాలు కలిపి సిద్ధంగా ఉన్నాడు.

"అక్కా, బిడ్డ పోయింది గద. జర నీ గోడ బొక్క మల్ల తెరువు. నేను బాత్‌రూం కట్టుకుంట."

న్యాయమే కదా అన్నట్టు నలుగురూ తలలూపారు. నాకు తిట్టాలని నోటిదాకా వచ్చింది. భూదవ్వ అరవలేదు. ఇటుకల వంక, మా వంక చూసింది.

"బిడ్డ పోయింది కిష్టయ్యా. నేనేడికి పోయిన? గా ఇంట్ల నేనుంటలేనా?"

ప్రమీలమ్మ వంగి పై ఇటుక తీసి, వెనక్కి తీసుకుపొమ్మని భర్త చేతిలో పెట్టింది.