బేస్తవారం గుట్టకు పోవద్దు

డోన్ ఊరి బయట చిన్న మ్యూజియంలో ఊడ్చే పనికి చేరింది జ్ఞానమణి. చర్చిలో ఏళ్ల తరబడి సండే స్కూలు నడిపిన మనిషి. ఆమె కథ ఎత్తుకుంటే ఎంత అల్లరి పిల్లలైనా నోరు మూసుకొని వినేవాళ్లు. అది చూసి ఆఫీసరు ఉమామహేశ్, బడిపిల్లలు వచ్చినప్పుడల్లా వాళ్లను ఎర్రగుట్టకు తీసుకుపోయే పని ఆమెకే అప్పజెప్పాడు. ఆ గుట్ట చరియ కింద వేల ఏళ్ల నాడు ఎవరో జేగురు రంగుతో వేసిన జింకలు, ఎద్దులు, అరచేతి ముద్రలు ఉన్నాయి.

ఒకరోజు స్తుతి అనే పిల్ల బండ కొసన నిలబడి అడిగింది.

"మేడం, ఈ ఇంటూ గుర్తు ఏ కాలంది?"

జ్ఞానమణి దగ్గరికి పోయి చూసింది. పెయింటు. వాసన కూడా పోలేదు. పక్క బండ మీద ఇంకొకటి, దాని పైన మరొకటి. క్వారీవాళ్లు తూట్లు వేయాల్సిన చోట పెట్టే గుర్తే అది. "అది ఇప్పటిదేలేమ్మా" అని పిల్లలను గబగబా కిందికి దించింది.

ఆమె భర్త ఆనందం క్వారీలో బండలు పేల్చే మందు పెట్టడానికి మిషనుతో తూట్లు వేస్తాడు. ఈమధ్య పెందలాడే ఇల్లు చేరుతున్నాడు.

"ఇప్పుడు యాడ పని చేస్తాండావు?" అంది అన్నం వడ్డిస్తూ.

"ఈడే, దగ్గర్లోనే."

"ఏ గుట్ట?"

ఆనందం అన్నం కలుపుతూనే ఉన్నాడు. చివరికి తల ఎత్తకుండా, "బేస్తవారం పిల్లోల్లను ఆ పక్కకు తీస్కపోవద్దు మణీ" అన్నాడు.

ఆమె ఆఫీసరుకు చెప్పింది. "పైకి రాసినానమ్మా. ఆ గుట్ట మనది కాదు, క్వారీవాళ్లకు ఇచ్చేసినామంటాండారు" అన్నాడాయన.

బుధవారం ఆమె పిల్లలకు కాగితాలిచ్చి మళ్లీ గుట్టకు తీసుకుపోయింది. పైన మిషను మోత. పిల్లలు కనబడగానే అది ఆగిపోయింది. మొహానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి అటు తిరిగి కూర్చున్నాడు. పిల్లలు బొమ్మలు దించుకుంటున్నంతసేపూ కదల్లేదు.

"ఎవరు మేడం ఆయప్ప?"

"మా ఇంటాయన" అంది జ్ఞానమణి.

మరుసటి రోజు మ్యూజియం హాల్లో పిల్లలకు పాత రాతిగొడ్డళ్లు చూపిస్తుండగా నేల అదిరింది. అద్దాల పెట్టెలు గలగలమన్నాయి. చిన్నపిల్లలు ఆమె చీర పట్టుకున్నారు. ఎర్రగుట్ట వైపు నుంచి రెండో పేలుడు వినబడింది.

సాయంత్రం ఉమామహేశ్ ఆమెను పిలిచాడు. "వచ్చే నెల నుంచి పిల్లలను నక్కలగుట్టకు తీసుకుపో. ఆడ కూడా బొమ్మలుండాయి."

ఆ మాట భర్తకు చెప్పాలా వద్దా అనుకుంటూ ఇల్లు చేరింది. ఆనందం గడప దగ్గరే కూర్చుని ఉన్నాడు. జుట్టు నిండా రాతిపొడి. ఆమె నీళ్లచెంబు అందించింది. చెంబు పట్టుకున్నాడే కానీ తాగలేదు.

"నక్కలగుట్ట కాడికి మిషన్లు దించుతాండారు మణీ" అన్నాడు.