డొల్ల శబ్దం

గోదావరిఖనిలో నా షెడ్డుకు వచ్చే ఆ పెద్దాయనను అందరం కాకా అనేవాళ్లం. బొగ్గుగనిలో పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి, ఆ శబ్దాన్ని బట్టి కూలుతుందో లేదో చెప్పి రిటైరైన మనిషి. పాత జీపు ఛాసిస్‌కు రంగు వేసేముందు కూడా ఆ కడ్డీతోనే తట్టేవాడు. ఎడమ చేయి పైకెత్తితే మేం కంప్రెసర్ ఆపాలి. కళ్లు మూసుకుని వినేవాడు.

"ఈడ డొల్ల ఉంది తమ్మీ, లోపల జంగు తిన్నది" అని తుప్పు పట్టిన చోట సుద్దతో గీత గీసేవాడు. అక్కడ కోసి కొత్త రేకు అతికేవాళ్లం. ఒక్కసారీ తప్పలేదు.

ఇరవై ఏళ్లుగా మెకానిక్‌ను నేను. జీపులవాళ్లు మాత్రం వస్తూనే "కాక తట్టిండా?" అని అడిగేవారు. నాకు కడుపు మండిపోయేది.

ఒకరోజు ఆయన ఇంటికి వెళ్లాక ఒక గీత తుడిచేసి, రేకు కోసి అతకకుండానే లప్పం పెట్టి, పైన రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టేశాను. నెల తిరక్కుండానే ఛాసిస్ అక్కడే పగిలింది.

"ఏంది కాకా, గింత డొల్ల ఇనవడలేదా?" అని జీపు యజమాని నలుగురిలో నవ్వాడు. నాకు సంతోషమే వేసింది.

కాక వంగి, పగులులోని లప్పాన్ని గోటితో గీకాడు. నా వైపు చూశాడు.

"ముసలి చెవులు గద బిడ్డా, మోసం చేసినయ్" అన్నాడు. కడ్డీని నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆ కడ్డీతో నేనే తడుతున్నాను. ఎవరైనా అడిగితే "కాకకు చెవులు పోయినయ్" అని ఇన్నాళ్లూ చెప్పాను. ఆయన చెవులకు ఏమీ కాలేదు. గీత తుడిచింది నేను.