మాదాపూర్ స్టే సారు

రామబ్రహ్మంగారికి ఏ ముక్కయినా పైకి చదివితేనే బుర్రకెక్కుతుంది. మనసులో చదువుకుంటే అక్షరాలు కళ్ళముందు నుంచి జారిపోతాయి తప్ప లోపలికి పోవు. పైగా భీమవరంలో ఏళ్ళ తరబడి లా పాఠాలు చెప్పిన గొంతు. క్లాసు పక్కనే రైసుమిల్లు ఉండేది. ఆ మిల్లును మించి వినిపించాలని పెంచుకున్న గొంతు, మిల్లు మూతపడ్డాక కూడా తగ్గలేదు.

యాభయ్యో ఏట ఆయనకు పీహెచ్‌డీ మీద మనసైంది. 1998లో కాలేజీకి సెలవు పెట్టి, భార్య పుణ్యవతిని వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చారు. మాదాపూర్ అయితే ప్రశాంతంగా ఉంటుందని ఎవరో చెబితే, లింగమూర్తి, సక్కుబాయి దంపతుల ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. ఆ చెప్పినాయన మాదాపూర్ చూసి ఎన్నేళ్ళయిందో! హైటెక్ సిటీ వైపు రోడ్ల కోసం అప్పటికే బండలు పేలుస్తున్నారు. పేల్చినప్పుడల్లా సక్కుబాయి అటక మీది గిన్నెలు వాటంతటవే కిందికి దిగేవి.

ఇంతకీ ఆయన పరిశోధన దేని మీదంటే, శబ్ద కాలుష్యం మీద. చప్పుడు తగ్గించమని హైకోర్టులు తీర్పులిస్తే సర్కార్లు విన్నాయా లేదా అని తేల్చడం. ఆ తీర్పులన్నీ తెల్లవారుతూనే వరండాలో నిలబడి ఎలుగెత్తి చదివేవారు.

వారం తిరక్కుండానే సక్కుబాయి వచ్చింది.

"సారూ, జర మెల్లగ సదువు. నీ ఇంగ్లీషు ఇనవడితే మా బర్రె పాలు సేపుతలేదు."

"అయ్యో! నేను చదివేది చప్పుడు చెయ్యకూడదనే కదండీ."

"గా ముక్కనే మెల్లగ సదువుమంటున్న."

పుణ్యవతిగారు వంటింట్లోంచి తొంగిచూసి, "నాకు అలవాటైపోయిందమ్మా. ఆయన ఆపితేనే మెలకువొస్తుంది," అంది సాయంగా.

రామబ్రహ్మంగారు మర్యాదస్తుడు. మర్నాడు దుప్పటి ముసుగేసుకుని చదివారు. చెమటకు కాగితాలు తడిసిపోయాయి. తర్వాత స్నానాలగదిలో తలుపేసుకుని చదివారు. నాలుగు గోడల మధ్య గొంతు ఇంకా మోగి, పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. చివరికి లింగమూర్తే ఉపాయం చెప్పాడు. "గా గుట్ట మీదికి పోయి సదువుకో సారూ. ఆడ నిన్నెవ్వరడ్డుకుంటరు?"

మర్నాడు ఉదయం గుట్టమీద ఆయన అందుకున్నది ఒక పెళ్ళి బ్యాండుమేళం కేసు. ఎప్పుడో వేరే రాష్ట్రపు హైకోర్టు ఇచ్చిన తీర్పు. సెమినార్లో చెప్పడానికి తెలుగులో రాసుకున్నారు. గుట్టకు అవతలి పక్క పెంటయ్య మేస్త్రీ మనుషులు బండల్లో మందు దట్టిస్తున్నారని ఆయనకు తెలియదు.

"కనుక ఈ న్యాయస్థానం ఆదేశిస్తున్నది! ఆపండి! తక్షణం ఆపండి!"

కూలీలు పలుగులు పారేసి పరుగెత్తారు. జీపులో వస్తున్న ఇంజనీరు కిందికి దూకి ఒక రాయి వెనక బోర్లా పడుకున్నాడు. పెంటయ్య ఎర్రజెండా పట్టుకుని రొప్పుతూ గుట్టెక్కాడు.

"ఎవరన్నరు సారూ ఆపుమని?"

చదువు మధ్యలో ఎవరేమడిగినా రామబ్రహ్మంగారికి కాగితంలో ఉన్నదే నోటికొస్తుంది.

"హైకోర్టు," అన్నారు.

ఆ మాట గుట్ట దిగేసరికి 'స్టే' అయింది. సాయంత్రానికి పని బంద్ అయింది. మర్నాడు కాంట్రాక్టరు చేతులు కట్టుకుని వరండాలోకొచ్చాడు.

"సార్, ఆర్డరు కాపీ ఒకటి ఇప్పిస్తారా?"

తీర్పు కావాలని తనను అడిగిన మొదటి మనిషి! రామబ్రహ్మంగారు మురిసిపోయి, కాగితాలు చేతిలో పెట్టి, కాఫీ కూడా ఇప్పించారు. కాంట్రాక్టరు పేజీలు తిరగేశాడు.

"ఇందులో సన్నాయి అని ఉందండీ?"

"సన్నాయి, డోలు, రెండూ ఉన్నాయండి. గొప్ప తీర్పు."

"మా పనిలో డోలు లేదండీ."

"లేకపోయినా సూత్రం ఒకటేనండి."

కాంట్రాక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాఫీ సగంలో వదిలేసి లేచాడు. గ్లాసు తీస్తూ పుణ్యవతిగారు, "ఏమండీ, పాపం ఆయన పని ఆపుకున్నది మీ మాట నమ్మేనటగా?" అంది. అప్పుడు తట్టింది ఆయనకు. లా పాఠాలు చెప్పే మనిషి, లేని స్టే ఉన్నట్టు జనాన్ని నమ్మించాడా! చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తారు.

"స్టే లేదండీ! కోర్టు ఏమీ అనలేదు! నేను ఉత్త విద్యార్థిని!"

వీధంతా వింది. కాంట్రాక్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అర్థమైంది సార్. బయటికి చెప్పకూడదు."

"చెప్పడానికేమీ లేదండీ!"

"అదే సార్. అదే."

పని మళ్ళీ మొదలైంది కానీ, ఆ తర్వాత పేలుళ్ళు మధ్యాహ్నం పూట మాత్రమే జరిగాయి, అదీ ముందుగా ఇంటింటికీ చెప్పి, ఈల ఊది. సక్కుబాయి తీరిగ్గా గిన్నెలు దించుకుని అరుగుమీద కూర్చునేది.

ఇదంతా విని ఆయన గైడు రత్నమాలగారు కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. "ఇచ్చిన తీర్పులు అమలు కావడం లేదని మూడు అధ్యాయాలు రాశారు. ఇవ్వనిది ఇంత చక్కగా అమలైందే, దీన్నెక్కడ పెడతారు?" రామబ్రహ్మంగారు నిజంగానే ఆలోచించి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసుకొచ్చారు. ఆవిడ కొట్టేసింది. దానికాయన కొన్నాళ్ళు దిగులుపడ్డారు కూడా.

పట్టా వచ్చింది. భీమవరం మాట మరిచిపోయి, బాచుపల్లి వైపు ఒక కాలేజీలో చేరి, మాదాపూర్‌లోనే ఉండిపోయారు. జనం ఆయన్ని 'స్టే సారు' అనేవాళ్ళు. పొద్దున్నే ఎవరో ఒకరు రావడం, ఆయన ఓపిగ్గా విని, దేనికి ఎవరికి అర్జీ పెట్టుకోవాలో చెప్పడం. తనకు స్టే ఇచ్చే అధికారం లేదని రోజూ మొదట చెప్పేవారు. ఎవరూ నమ్మేవారు కారు.

ఒకనాడు లింగమూర్తి బామ్మర్ది మహేశ్ పరేషాన్‌గా వచ్చాడు.

"సారూ, మా అత్త వచ్చి నెల దాటింది. పోతలేదు. జర స్టే ఇప్పియ్యరాదు?"

రామబ్రహ్మంగారు నవ్వలేదు. "ఇంటి విషయాలకు ఏకంగా హైకోర్టుకు రాకూడదండి. ముందు కింది కోర్టు. అంటే మీ ఆవిడ."

"గాడ మొన్ననే కొట్టేసిన్రు సారూ," అన్నాడు మహేశ్. "అప్పీలుకే వచ్చిన."