మా పేర్లతో ఆడినవాడు

కుప్పంలో డిగ్రీ చదివేటప్పుడు నాకొక రూమ్మేటు ఉండేవాడు. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొనుక్కొచ్చి అందులో క్రికెట్ గేమ్ ఎక్కించుకున్నాక వాడి నోట ఒకటే మాట: "ఈ ఒక్క ఓవరప్పా, వస్తాండా." రూములో మిగతావాళ్లం గ్రౌండుకు పోయి, ఆడి, టీ తాగి తిరిగొచ్చినా ఆ ఓవర్ అయ్యేది కాదు. రానురాను వాణ్ణి పిలిచేది మానేసినాం.

ఒక సాయంత్రం మోకాలు గీసుకుపోయి నేను ముందే వచ్చేస్తే, స్క్రీన్ మీద మా పేర్లు కనబడినాయి. గేమ్‌లో ఆటగాళ్ల పేర్లు తీసేసి మా గుంపునంతా టీములో పెట్టుకోనుండాడు.

"నీ పేరు యాడరా?"

"మిమ్మల్ని ఆడించేది నేనే గదప్పా," అన్నాడు తల తిప్పకుండా.

పరీక్షలయినాక ఒక్కొక్కరే రూము ఖాళీ చేసినారు. ఆఖరున నేను పుంగనూరు బస్సుకు బ్యాగు సర్దుకుంటాంటే, "కూర్చోప్పా, సెంచరీకి దగ్గర్లో ఉండావు," అన్నాడు.

"టైమైందిరా. బస్టాండుదాకా రా."

"ఈ ఒక్క ఓవర్..."

నేను మెట్లు దిగుతాంటే కంప్యూటర్లో జనమంతా ఒక్కసారిగా కేకలేసినారు. సెంచరీ కొట్టేసినట్టుండాను. ఆ రూములో వాడొక్కడే ఉండాడు.