ఒంటి దంతం ఏనుగు

మా వీధిలో నా చేత సూది గుచ్చించుకోనోళ్లు లేరు. నేను నర్సుని. "బీపీ సూడు నర్సమ్మా", "గుంటడికి జొరం సూడు నర్సమ్మా" అంటూ పొద్దున్నే గుమ్మంలోకొచ్చేస్తారు. పాపం వచ్చేరు గదాని మంచినీళ్లిస్తే మాత్రం "ఇప్పుడే తాగొచ్చేనమ్మా" అంటారు. మేం చోడవరం వచ్చి పదకొండేళ్లయింది, పదకొండేళ్లుగా అందరూ ఇప్పుడే తాగొస్తన్నారు. క్రిస్మస్‌కి కేకు పంపితే ఆ రోజే ఉపవాసమంటారు. రేపరున్న చాక్లెట్లైతే తీసుకుంటారు. రేపరు లోపల నా చెయ్యి పడదు గదా. మేం ఎవరిమో, ఏ పేట నించి వచ్చేమో వాళ్లు మొదటి వారంలోనే కనుక్కున్నారు.

ఇదంతా మా గుంటకి, నా కూతురికి, తెలీదు. చెప్పటానికి నాకు నోరు రాలేదు. ఎదురింటి గుంటా ఇదీ ఒకటే క్లాసు, ఒకటే ఆటో. దీని ఏడో పుట్టినరోజుకి ముందు నా కొంగు పట్టుకుని, "అమ్మా, ఏనుగు కేకు సెయ్యవా? దానికి ఏనుగంటే పిచ్చి. ఏనుగైతే తప్పకుండా తింటాది" అంది. స్నేహితురాలు మా ఇంట్లో ఎప్పుడూ ఏదీ తినలేదని కనిపెట్టేసిందన్నమాట. నా వంట బాగోదు గాబోలనుకుంది పిచ్చిది.

బేకరీలో కొనెయ్యమన్నాడు మా ఆయన. నేనొప్పుకోలేదు. నా చేత్తో చేసిందే తినాలి. పంతమనుకోండి, పొగరనుకోండి.

కుక్కర్లో ఇసక పోసి, పెద్ద గిన్నెలో ఒళ్లు, చిన్న గిన్నెలో తల చేసేను. నిలబెడదామంటే కాళ్లు ఆగవే! రెండుసార్లు కూలబడింది. "సచ్చినదానా, కూకో అయితే" అని కూర్చోబెట్టేసేను. పొట్ట కాస్త ముందుకొచ్చింది. కేకు పొడిలో పాలు కలిపి ముద్ద చేసి తొండం వంచేను. వెన్నా పంచదార పొడీ గిలక్కొట్టి, నల్ల రంగు రెండు చుక్కలేస్తే బూడిద రంగొచ్చింది. చెవులకి గుండ్రటి బిస్కెట్లు, దంతాలకి రెండు పెద్ద జీడిపప్పులు. మా గుంట ఊపిరి బిగబట్టి చూసింది. "చెవి దానికి పెడదామమ్మా" అంది.

ఎదురింటావిడ తన గుంటనీ, వీధిలో మరో ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మా ఇళ్లల్లో ప్రార్థన అవకుండా కేకు మీద కత్తి పెట్టం. చర్చి అయ్యగారు మొదలుపెట్టేరు. ఆయన ప్రార్థనంటే గుంట పుట్టుక దగ్గర బయల్దేరి, దారిలో చెరుకు పంటనీ ఆసుపత్రుల్లో ఉన్నోళ్లనీ పలకరించి, దాని పెళ్లి దాకా వెళ్లొస్తాది. ఏప్రిల్ నెల. సగంలో కరెంటు పోయింది. నేను కళ్లు మూసుకున్నాను గానీ ప్రాణమంతా ఆ వెన్న మీదే ఉంది. టప్‌మని చిన్న చప్పుడైంది. "ఆమెన్" అని కళ్లు తెరిస్తే ఎడమ దంతం పళ్లెంలో పడుంది.

ఎదురింటావిడ లేచి నిలబడింది. "ఓలమ్మో, వినాయకుడు గదా ఇది! ఒంటి దంతం, బొజ్జా, ఆ కూకున్న తీరూ... సామిని కత్తితో కొయ్యటమేటమ్మా, పాపం గదా! మా పిల్లలు తినకూడదు."

"ఏనుగండీ బాబూ, జీడిపప్పండీ" అని నవ్వుతూనే మళ్లీ గుచ్చేను. కరిగిన వెన్నలో ఆగితేనా?

"ఒకసారి అలా కనబడ్డాక ఇంకేటి సేస్తాం" అంది. ఎంతో మెత్తగా అంది. మంచినీళ్లు వద్దనేది కూడా ఆ గొంతుతోనే.

మా గుంట చెవి విరిచి పట్టుకెళ్లి, "చెవి తినొచ్చు గదా ఆంటీ" అంటూ స్నేహితురాలి నోటి దగ్గర పెట్టింది. ఆ పిల్ల నోరు తెరిచింది కూడా. తల్లి దాని రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగింది. మిగతా పిల్లలూ లేచేరు. పోతూ పోతూ చాక్లెట్లు మాత్రం తీసుకెళ్లేరు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ మీద అరవలేకపోయేను. నా కూతురి మీద అరిచేను. "ఏనుగే కావాలా నీకు? కుక్కా పిల్లీ లేవా లోకంలో? తిను, నువ్వే తిను!" అని తొండం విరిచి దాని నోట్లో కుక్కేను. అది ఏడవలేదు. నమిలి మింగి, "బాగానే ఉందమ్మా. మరెందుకు తినలేదు?" అంది. వీపు మీద ఒకటిచ్చేను. ఆ దెబ్బకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మరుసటేడు బేకరీలో ఏనుగు కేకు చెప్పేను. కూర్చున్నదే కావాలి, బొజ్జ ఉండాలి అని మరీ చెప్పేను. వాళ్లొచ్చే ముందు ఎడమ దంతం నా చేత్తోనే విరిచేసేను. మా గుంట చూసింది. "ఎందుకమ్మా?" అంటే "సూస్తూండు" అన్నాను. బేకరీ పెట్టెని బల్ల మీద కనబడేలా పెట్టేను.

ప్రార్థనయింది. కత్తి పొట్టలో దిగింది. ఎదురింటావిడ చప్పట్లు కొట్టింది, తన పిల్లకి చెవి పెట్టింది, తొండం తను తింది. "ఏనుగు భలేగుంది నర్సమ్మా, ఏ బేకరీ?" అంది.

దొరికిపోయేవు అనుకుంటూ గెలిచినదాన్లా మా గుంట వైపు తిరిగేను. అది పళ్లెంలో ఒంటి దంతాన్నీ, ఆవిడ నోటినీ, నా చేతుల్నీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తంది. తన ముక్క ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడ బీపీకొచ్చింది. చేతికి పట్టీ చుడుతూ నేను అలవాటు కొద్దీ, "ఒసే, ఆంటీకి మంచినీళ్లు తేవే" అన్నాను.

మా గుంట పుస్తకంలోంచి తలెత్తలేదు.

"ఆంటీ ఇప్పుడే తాగొచ్చేరమ్మా" అంది.