నడిచి వస్తారన్న వాక్యం

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో మేముండే పేటలో, రోడ్డు మలుపు తిరిగే చోట, మూతపడ్డ కార్పెట్ల దుకాణం ఒకటి ఉంది. దానిని అద్దెకు తీసుకుని ఆదివారం పూజకూ, పిల్లల తెలుగు తరగతికీ వాడుకోవాలని మా తెలుగు సంఘం నిర్ణయించింది. అయితే దుకాణంగా ఉన్న కట్టడాన్ని మరో పనికి వాడాలంటే ఊరి పాలన చూసే కౌన్సిల్ అనుమతి కావాలి. అప్పటిదాకా ఆ రెండూ దగ్గరలోని ఒక స్కూలు హాల్లో జరిగేవి. వేసవి సెలవుల తరువాత హాలు ఇవ్వలేమని స్కూలువారు చెప్పేశారు. అనుమతి రాకపోతే పూజ ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చు. తరగతికి మాత్రం చోటు ఉండదు.

ఆ తరగతి నడిపేది మా వీధి చివర ఇంట్లో ఉండే ఆంటీ. తెనాలిలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి. ఇక్కడ మొదట తన ముందుగదిలోనే నలుగురైదుగురు పిల్లలతో మొదలుపెట్టారు. గది పట్టక హాలుకు మారారు. పిల్లలు అడిగినదానికల్లా ఇంగ్లీషులో జవాబు చెబుతారు. ఆవిడ వినపడనట్టు మళ్ళీ తెలుగులోనే అడుగుతారు. విసుగుపుట్టి అయినా వాళ్ళు చివరికొక తెలుగు వాక్యం అంటారు. "హాలు పోతే నేను మళ్ళీ ముందుగదిలోకి రావాలి. ఆ గదిలో పట్టే పిల్లలెవరో, పట్టనివాళ్ళెవరో నేను చెప్పలేనమ్మాయ్," అని ఒకరోజు నాతో అన్నారు. దరఖాస్తు గురించి ఆవిడ మాట్లాడింది అంతే.

సంఘం అధ్యక్షుడు కడపవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నా ఉద్యోగం ఆసుపత్రి ల్యాబ్‌లో, పరీక్షల ఫలితాలు నమ్మదగినవో కావో సరిచూడటం. ఆ కారణంగానే దరఖాస్తులో రాకపోకల గురించిన పేజీ నా దగ్గరికి వచ్చింది. అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మా సభ్యులలో ఎక్కువమంది నడిచి వస్తారు, అని ఉంది.

"ఇది ఎవరు చూశారు?" అని అధ్యక్షుడిని అడిగాను.

"చూసేదేముందక్కా? మనోళ్ళంతా ఆ చుట్టుపక్కలే ఉండారు. నడిచి రాకుండా ఎట్లొస్తారు?"

దగ్గరలో నివసించడం ఒక సంగతి, నడిచి రావడం మరొక సంగతి. మొదటిది తెలిసినంత మాత్రాన రెండవది తెలిసినట్టు కాదు. ఆ ఆదివారం స్కూలు గేటు దగ్గర నిలబడి చూశాను. కార్లే కార్లు. పక్క వీధివాళ్ళు కూడా కారులోనే దిగుతున్నారు. చలివల్ల కావచ్చుననుకుని తరువాతి ఆదివారం కూడా చూశాను. ఆరోజు ఎండ కాసింది. కార్లు మాత్రం తగ్గలేదు.

ఇక మిగిలింది అడగడమే. మా వీధి ఆంటీనే మొదట అడిగాను. ఆవిడ కారు వెనక తలుపు తెరిచి నాకు చూపించారు. సీటు ముందు కింద, పాత తువ్వాలు చుట్టి, మూత మీద బరువు పెట్టిన పెద్ద తపేలా ఉంది. పులిహోర.

"దీన్ని నెత్తిన పెట్టుకుని రమ్మంటావా? ఆ చౌరస్తాలో నన్ను చూసి బస్సులు ఆగిపోతాయి!"

వెనక వచ్చిన కారులో దద్దోజనం, దాని వెనక దానిలో చక్కెరపొంగలి. ఒక్కో ఇంటివారు ఒక్కో ప్రసాదం చేసి తీసుకురావడం మావాళ్ళ పద్ధతి. ఉత్త చేతులతో రావడం ఎవరికీ మనసొప్పదు. ఇంటికి పది అడుగుల దూరంలో దేవుడున్నా, తపేలా ఉన్నప్పుడు కారు తీయక తప్పదు. రోడ్డు మీదికి ఇన్ని కార్లు రావడానికి కారణం దూరం కాదు, వంట.

ఈ సంగతి అధ్యక్షుడికి చెప్పేలోపే సంఘంవారు మరొక పని చేశారు. ఇరుగుపొరుగు మనసు గెలవాలని, ఒక శనివారం మధ్యాహ్నం దుకాణం తెరిచి వీధివాళ్ళందరినీ చూడటానికి పిలిచారు. వచ్చినవాళ్ళకు పెట్టడానికి ప్రతి ఇంటివారూ ఏదో ఒకటి వండి తెచ్చారు. అందరూ కార్లలోనే వచ్చారు. దుకాణం ముందు నాలుగు కార్లు పట్టే జాగా నిండిపోగానే, మిగతావాళ్ళు రెండు చక్రాలు పేవ్‌మెంటు మీదికి ఎక్కించి, మలుపు పొడవునా వరసగా ఆపేశారు. మా మంచితనం చూపించుకోవడానికి ఎంచుకున్న రోజునే, మాకు వ్యతిరేకంగా చెప్పదగినదంతా వీధికి చూపించాము.

దుకాణానికి ఎదురింట్లో ఉండే ఇంగ్లీషు పెద్దాయన మోకాళ్ళ నొప్పులవల్ల మొబిలిటీ స్కూటర్ అనే చిన్న బ్యాటరీ బండి మీద పేవ్‌మెంటు వెంట తిరుగుతారు. ఆ సాయంత్రమే ఆయన కౌన్సిల్‌కు అభ్యంతరం పంపారు. అందులో రెండు మాటలు ఉన్నాయి. కార్లవల్ల తాను పేవ్‌మెంటు దిగి రోడ్డు మీదికి వెళ్ళవలసి వచ్చిందని ఒకటి. ఈ హాలు వస్తే ఈ మలుపులో ప్రమాదాలు పెరుగుతాయని రెండవది.

మా వాళ్ళలో కొందరు ఆయనకు మనమంటే గిట్టదని తేల్చేశారు. ఆ మాటకు కూడా ఆధారం అడిగాను. ఎవరి దగ్గరా లేదు. ఆయన ఇంటికే వెళ్ళాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని మలుపు దాకా వచ్చి, స్కూటర్ మీదనుంచే చేత్తో చూపించారు. కార్లు ఆగిన చోట పేవ్‌మెంటు దిగితే, అటునుంచి వచ్చే డ్రైవరుకు గోడ అడ్డమై, స్కూటర్ మీద కూర్చున్న మనిషి దగ్గరికి వచ్చేదాకా కనిపించడు. నేను వంగి ఆయన ఎత్తులో చూశాను. నిజమే. ప్రమాదాలు పెరుగుతాయన్నది మాత్రం ఊహేనని, దానికి లెక్కలేవీ తన దగ్గర లేవని ఆయనే ఒప్పుకున్నారు.

"ఆ రోజు మీరు నాకు ఇచ్చిన పసుపు అన్నం చాలా బాగుంది," అన్నారు తలుపు దగ్గర. "మీ పార్కింగ్ చాలా చెడ్డగా ఉంది."

ఆ తరువాతి ఆదివారం పూజ అయ్యాక హాల్లోనే మాట్లాడాము. పేజీ మార్చి రాద్దామన్నాను. దగ్గరలో ఉన్నా ప్రస్తుతం ఎక్కువమంది కార్లలోనే వస్తున్నారని, కారణం ఇదని, ఇకమీదట ప్రసాదానికి రోటా పెడతామని, వారానికి ఒక్క ఇంటివారే వండి ఒక్క కారులో ముందుగా దింపి వెళ్తారని.

"మన తప్పు మనమే రాసిస్తే ఎట్లక్కా? వాళ్ళు కొట్టేయరా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఆ శనివారం వీధంతా చూసింది. మనం రాయకపోతే అది జరగనట్టు అవుతుందా?"

అతను ఆ పేజీ నా చేతికిచ్చేశాడు. గొడవ అటువైపు నుంచి కాదు, వంటల వైపు నుంచి వచ్చింది.

"దేవుడికి రోటా ఏంటమ్మాయ్?" అన్నారు ఆంటీ. "హాస్పిటల్లో నర్సులకు పెట్టుకో రోటా. నా వంతు వచ్చేలోపల శ్రావణమాసం వెళ్ళిపోతుంది."

"నీ పులిహోర ప్రతివారం తిని మాకు పైత్యం చేసిందిలే వదినా," అన్నదొకావిడ. నవ్వులు.

"మరి డబ్బా తెచ్చుకుని ఇంటికి పట్టుకెళ్ళేదెవరు? నేనా?"

నవ్వులు ఆగాక నేను ఒక్కటే అడిగాను. "తపేలా కావాలా ఆంటీ, తరగతి కావాలా?"

ఆవిడ వెనక్కి తిరిగి చూశారు. హాలు చివర పిల్లలు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. "రాసుకోండి రోటా," అన్నారు చివరికి. "నన్ను మాత్రం మొదట్లో పెట్టండి."

వేసవి వచ్చేదాకా స్కూలు హాల్లోనే ఆ పద్ధతి ప్రయత్నించాము. కార్లు తగ్గాయి. కానీ అవి వాన పడని వారాలు. వాన కురిస్తే ఏమవుతుందో నాకు తెలియదని ఆ పేజీలోనే రాశాను. అధ్యక్షుడు ఆ వాక్యం తీసేయమని బతిమాలాడు. తీయలేదు.

కౌన్సిల్ సమావేశంలో పెద్దాయన మాట్లాడారు. అభ్యంతరం పూర్తిగా వదులుకోలేదు. పేవ్‌మెంటు అంచున కార్లు ఎక్కకుండా గుంజలు పాతిస్తే హాలుతో తనకు తగవు లేదన్నారు. అనుమతి వచ్చింది, కొంతకాలానికి మాత్రమే. గుంజలు పాతించాలి. సామాను దింపడానికి వారానికి ఒక్క వాహనమే రావాలి. గడువు తీరాక మళ్ళీ పరిశీలిస్తారు. ఆంటీ ఆ షరతులు రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, "అంతేనా?" అన్నారు.

కొత్త హాల్లో మొదటి ఆదివారం వాన పడింది. నేను కావాలనే ముందుగా వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. వంతు ఉన్న ఇంటివారి కారు వచ్చి, పొంగలి దింపి వెళ్ళిపోయింది. ఆ తరువాత గొడుగులు కనబడ్డాయి. అందరూ ఇంటినుంచి నడిచి రాలేదు. ఇద్దరు ముగ్గురు వెనక వీధిలో కార్లు ఆపి నడిచి వచ్చారని తరువాత తెలిసింది. అదీ రాసి పెట్టుకున్నాను. గుంజలకూ గోడకూ మధ్యనుంచి పెద్దాయన స్కూటర్ పేవ్‌మెంటు దిగకుండానే సాగిపోయింది.

చివరగా ఆంటీ వచ్చారు. రెయిన్‌కోటు వేసుకుని, మనవరాలి పాత పుష్‌చైర్ తోసుకుంటూ. అందులో బిడ్డ లేదు. ప్లాస్టిక్ కవరు కింద, బెల్టు బిగించి, తపేలా కూర్చుని ఉంది.

"ఈ వారం మీ వంతు కాదు కదా ఆంటీ?"

"కాదు."

"రోటా ప్రకారం..."

"కారులో వచ్చానా?"

"లేదు."

"మరి అదే రాసుకో," అని పుష్‌చైర్ ముందు చక్రాలు గడప మీదికి ఎత్తారు. "ఊరికే చూస్తావేం? వెనక పట్టు. లోపల పిల్లలు ఎదురుచూస్తున్నారు."

కౌన్సిల్ షరతు మరొకసారి గుర్తుచేసుకున్నాను. అందులో వాహనాల గురించే ఉంది. వెనక పట్టుకున్నాను.