బత్తాయి రసానికీ సోయా పిండికీ మధ్య మా మేడం

మా హోం సైన్సు మేడం పోయారని స్నేహితురాలు వచ్చి గుమ్మంలోనే చెప్పి వెళ్ళింది. ఆ పూట నేను కంచం ముందు కూర్చోలేదు. అమ్మ దానికి వేరే అర్థం తీసింది. టైఫాయిడ్ నుంచి లేచిన వదినకు ఇంకా రసమేనా, ఇక చాలించమని ముందురోజు అన్నాను. కొన్న బత్తాయిలన్నీ కోడలికే పిండుతోందని నాకు కడుపుమంటట. "ఆడపడుచు బుద్ధి ఎక్కడికి పోతుందిరా!" అని అన్నయ్యతో అంది, నాకు వినపడేలాగే. మనిషి పోయిన దుఃఖాన్ని కూడా బత్తాయి పండు ఖాతాలో వేసే ఇంట్లో, విడమరిచి చెప్పే ఓపిక లేకపోయింది. అందుకే మీకు చెబుతున్నాను.

మేడం బాగా పొట్టి. పీట మీద నిలబడి పాఠం చెప్పేవారు. పిండి గిన్నె కడగబోతే ఆపి, అంచుల చుట్టూ వేలితో తుడిచి, ఆ కాస్తా ఇడ్లీ రేకులోకి రాల్చేవారు. ఓసారి బాపట్ల నుంచి సోయా గింజలు తెప్పించి, నానబెట్టి, పొట్టు తీయించి, మినప్పప్పుతో కలిపి రుబ్బించారు. మర్నాడు మూత తీస్తే పచ్చి చిక్కుడు వాసన, దాని మీద పులుపు. అందరం పమిటలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాం.

"ఇది పులిసిందా, కుళ్ళిందా అండీ?" అంది వెనక బెంచీ అమ్మాయి.

"రోజూ పెరుగు పోసుకునే పిల్ల అడగాల్సిన ప్రశ్నేనా అది? జపాను వాళ్ళు గింజల్నే పులియబెట్టి, జిగురు సాగుతుంటే తింటారు. మీకు నేను ఇడ్లీలేగా పెడుతున్నాను!"

ఇడ్లీల పక్కనే గ్లాసుడు బత్తాయి రసం పెట్టి, ఏది బలమని అడిగారు. అందరం రసమే అన్నాం. ఆవిడ కోప్పడలేదు. రసంలో సి విటమిన్ ఉంది, చక్కెర ఉంది, చేదెక్కిన నోటికి రుచి తెలుస్తుంది. కరిగిన కండ తిరిగి రావడానికి కావలసిన మాంసకృత్తులు మాత్రం దాదాపు లేవన్నారు. అవి సోయాలో దండిగా ఉన్నాయి, పులియబెట్టి ఉడికిస్తే అరగడమూ తేలికే.

"అలాగని బత్తాయిలు పారేయకండర్రా. ఇడ్లీలో సి విటమిన్ వెతికినా దొరకదు. గోడ కట్టడానికి వడ్రంగిని పిలవకండి, అంతే."

మమ్మల్ని మిరపకాయల కల్లానికి తీసుకెళ్ళినప్పుడు, మేడం తుమ్ముతూనే, తాలు కాయలు ఏరుతున్న ఒకామెను పళ్ళు తింటావా అని అడిగారు.

"బత్తాయిలా? నాకేం రోగమండీ!" అందామె. కల్లమంతా నవ్వింది.

తిరిగొస్తూ మేడం అన్నారు: "జబ్బు చేస్తే తప్ప పండు తినం. జబ్బు చేస్తే పండు తప్ప తిననివ్వం."

ఆఖరిసారి ఆస్పత్రిలో చూశాను. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ తెచ్చినవి బత్తాయిలే. "నా మంచాన్ని పళ్ళ కొట్టు చేసేశారు" అన్నారు, కళ్ళు సగం మూసుకునే. వదిన సంగతి చెప్పాను.

"డాక్టరేమన్నాడు?"

"మెత్తటి అన్నం, ఇడ్లీ మొదలుపెట్టమన్నారండీ. తిరగబెడుతుందని అమ్మ పెట్టనివ్వడం లేదు."

"మరి నువ్వు?"

అంతకుమించి మాట్లాడే శక్తి ఆవిడకు లేదు.

ఈ ఉదయం కాలేజీకి వెళ్ళి, స్టోరులో మిగిలిన సోయా గింజలు అడిగి తెచ్చుకున్నాను. నానబోస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"పోయినావిడ చదువు నా కోడలి మీదా? జ్వరం తిరగబెడితే ఎవరే జవాబు?"

"నేనే."

అమ్మ విసురుగా పెరట్లోకి వెళ్ళింది. గోడ పట్టుకుని వదిన వంటింటి గుమ్మం దాకా వచ్చింది. చేతిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి. వంగి ఒక గింజ అందుకుని, వాసన చూసి, ముక్కు చిట్లించింది.

"ఎప్పటికవుతాయమ్మాయ్?"

సాయంత్రం రుబ్బుతాను. రేపు పొద్దున వదినకు ఇడ్లీ నేనే పెడతాను.